పీతకూ నత్తకూ పెంకుంది కదా, వర్గాలు వేరెందుకు?

కళింగపట్నం బీచ్‌లో గవ్వలు, పీతలు చూసి వచ్చిన సందేహమన్నారు. చిక్కంతా పెంకు దగ్గరే ఉంది. వర్గాన్ని తేల్చేది పెంకు ఉందా లేదా అన్నది కాదు, శరీర నిర్మాణం.

నత్త, గవ్వ, శంఖం, ఆల్చిప్ప మొలస్కా వర్గం. వీటి ఒళ్లు మెత్తన, ఖండాలుగా విడిపోయి ఉండదు. ఒంటిని కప్పిన ప్రావారం అనే పొర సున్నపు పదార్థంతో చిప్పను కడుతుంది. జీవితో పాటే చిప్పా పెరుగుతుంది. పైన చిప్ప లేని ఆక్టోపస్ కూడా ఈ వర్గమే!

పీత, రొయ్య ఆర్థ్రోపోడా, అంటే కీళ్లకాళ్ల జీవులు. తేలు, జెర్రి, సాలీడు, దోమ కూడా వీటి చుట్టాలే. ఒళ్లు ఖండాలుగా ఉంటుంది. పైడొల్ల కైటిన్ అనే గట్టి పదార్థంతో తయారవుతుంది, అది పెరగదు. కాబట్టి పాతది విడిచి కొత్తది వేసుకోవాలి. రొయ్యల చెరువున్న వాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. డొల్ల విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది, తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయని వాళ్లకు టెన్షన్.

పెంకు చూసి పండితులూ పొరబడ్డారు. పడవ అడుగున, రాళ్లకు అతుక్కుని కదలకుండా ఉండే బార్నకిల్స్‌ను చాలాకాలం మొలస్కాలోనే వేశారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వాటి పిల్లదశను గమనించి, అవి రొయ్య, పీతల బంధువులని చూపించాడు.