గడ్డం, జడ, గుండు: పైలట్ కాబోయేవారి సందేహాలు

ప్రశ్న: సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) శిక్షణకు సిద్ధమవుతున్నాను. నాకు గడ్డం బాగా నప్పుతుంది. రోజూ ట్రిమ్ చేసుకుంటాను. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకి తీసేయాల్సిందేనా? చూడ్డానికి బాగుండాలనేనా ఈ నియమం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసేసే వెళ్లండి. అసలు సంగతి అందం కాదు, ఆక్సిజన్ మాస్కు.

కాక్‌పిట్‌లో ప్రతి పైలట్ పక్కనా చిన్న పెట్టెలో మాస్కు మడిచి ఉంటుంది. దాని ఎర్ర పిడుల్ని వేళ్లతో నొక్కి లాగితే తలపట్టీలో గాలి నిండి వెడల్పుగా విచ్చుకుంటుంది. తలకు తగిలించుకుని పిడులు వదిలితే గాలి దిగిపోయి పట్టీ బిగుస్తుంది. ఇదంతా ఒంటి చేత్తో, 5 సెకన్లలో అయిపోవాలి. 35,000 అడుగుల ఎత్తున క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే, తెలివిలో ఉండి పనిచేసే వ్యవధి 30 నుంచి 60 సెకన్లే. ఒత్తిడి ఒక్కసారిగా పోతే దాదాపు అందులో సగం.

మాస్కు అంచు ముక్కు దూలం నుంచి బుగ్గల మీదుగా చుబుకం దాకా చర్మానికి అతుక్కోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే సందులు మిగులుతాయి. ఆక్సిజన్ బయటికి పోతుంది, కాక్‌పిట్‌లో పొగ ఉంటే అది లోపలికి వస్తుంది. గడ్డం వల్ల మాస్కు పనితనం తగ్గుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1987లోనే సలహా పత్రం ఇచ్చింది. తర్వాత ఎయిర్ కెనడా కోరితే సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం గడ్డం ఉన్నవారికి మాస్కులు పెట్టి పరీక్షించింది. ఇబ్బంది కనిపించలేదు. దాంతో 2018లో ఎయిర్ కెనడా తన పైలట్లకు 12.5 మిల్లీమీటర్ల దాకా గడ్డానికి ఒప్పుకుంది. మన దేశంలో సిక్కు పైలట్లు గడ్డంతోనే విమానాలు నడుపుతున్నారు. కాబట్టి గడ్డం ఉంటే పైలట్ కాలేరన్నది నిజం కాదు. అయితే ఉద్యోగమిచ్చే సంస్థ గ్రూమింగ్ మాన్యువల్‌లో, అంటే సిబ్బంది ఎలా కనిపించాలో చెప్పే నియమాల పుస్తకంలో, ఏముంటే అదే చెల్లుతుంది. అది చదవకముందే ఇంటర్వ్యూ గదిలో గడ్డం కోసం వాదన పెట్టుకోవడం మాకు సబబుగా తోచదు.

మీసం ఉంచుకోవాలనుకుంటే కొసలు పెదవుల అంచు దాటకుండా కత్తిరించండి, అప్పుడది మాస్కు లోపలే ఉండిపోతుంది. రోజూ గీస్తే మెడ మీద పొక్కులొస్తున్నాయా? వెంట్రుక మొలిచిన దిక్కుకే, ఒకే బ్లేడున్న రేజర్‌తో గీయండి. మూడు నాలుగు బ్లేళ్లవి వెంట్రుకను చర్మం లోపలికి కోస్తాయి. అది మళ్లీ పెరిగేటప్పుడు చర్మాన్ని పొడుచుకుని పొక్కు లేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి నడుము దాకా జుట్టు. పైలట్ కావాలంటే కత్తిరించుకోవాలా? ముక్కుపుడక, బొట్టు పెట్టుకోవచ్చా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: జుట్టు కత్తిరించుకోవాల్సిన పనే లేదండీ. ముడి ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. నడినెత్తిన హెడ్‌సెట్ పట్టీ కూర్చుంటుంది, మాస్కు పట్టీ తల వెనక్కి జారి బిగుస్తుంది. అందుకని కొప్పు మెడ దగ్గర, కిందికి ఉండాలి. నడినెత్తిన కొప్పు కడితే రెండు పట్టీలూ నిలవవు. ఇనుప క్లిప్పులు, పిన్నులు హెడ్‌సెట్ కింద పడితే గంటలోపే తలనొప్పి మొదలవుతుంది. అల్లి చుట్టిన జడకు పిన్నులు తక్కువ పడతాయి, అది మేలు. ఇంట్లోనే పాత హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు గంటలు కూర్చోమనండి, ఎక్కడ నొక్కుతుందో తెలిసిపోతుంది.

ముక్కుపుడక, బొట్టు విషయం సంస్థ చెప్పినట్టు. పుడక సన్నగా, చర్మానికి అంటుకుని ఉంటే మాస్కు కింద గుచ్చుకోదు. ఉంగరాలు మాత్రం వద్దు. విమానం ఎక్కేటప్పుడో దిగేటప్పుడో ఏ అంచుకైనా తగులుకుంటే, ఒంటి బరువంతా ఆ వేలి మీద పడి చర్మం ఊడివచ్చే ప్రమాదం ఉంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా చెప్పాలి. మాస్కు పెట్టుకునే ముఖానికి వాసెలిన్, పెట్రోలియంతో చేసిన లిప్ బామ్ రాసుకోకూడదు. శుద్ధమైన ఆక్సిజన్‌లో నూనెకు, జిడ్డుకు సులువుగా నిప్పంటుకుంటుంది. పెదవులు పగిలితే నీటి ఆధారంగా చేసిన బామ్ వాడాలి.

ప్రశ్న: మొటిమలకు డాక్టర్ ఐసోట్రెటినోయిన్ రాశారు. మెడికల్ పరీక్ష దగ్గర పడింది. చెప్పాలా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: తప్పకుండా చెప్పాలి. ఈ మందు కొందరికి చీకట్లో చూపు తగ్గిస్తుంది. అమెరికాలో ఇది వాడే పైలట్ల మెడికల్ సర్టిఫికెట్ మీద రాత్రి విమానం నడపకూడదని రాస్తారు. కళ్లు, పెదవులు ఎండిపోవడం, మనసు దిగాలుపడటం కూడా దీని దుష్ప్రభావాల్లో ఉన్నాయి. మీ చర్మవైద్యుడికి పైలట్ శిక్షణ సంగతి చెప్పండి, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షకుడికి మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ చెప్పండి. దాచి తర్వాత బయటపడితే మొటిమల కంటే పెద్ద చిక్కు.

ప్రశ్న: అత్తరు, మౌత్‌వాష్ వాడితే బ్రెత్ అనలైజర్‌లో దొరికిపోతారంటున్నారు, నిజమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మౌత్‌వాష్ విషయంలో నిజమే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ సిబ్బంది వాడకూడదని డీజీసీఏ నియమం. పుక్కిలించిన ఆల్కహాల్ కొద్దిసేపు నోటి తడిలోనే ఉంటుంది. తాగకపోయినా యంత్రం అంకె చూపిస్తుంది. మన దేశంలో పైలట్‌కు సున్నా రావాలి, కొంచెం ఫర్లేదన్న మాట లేదు. మొదటిసారి దొరికితే 3 నెలలు లైసెన్స్ సస్పెండ్, రెండోసారి 3 ఏళ్లు.

మన ఇళ్లలో ఎక్కువగా వాడే హోమియో చుక్కల మందులు కూడా ఇక్కడే దెబ్బతీస్తాయి, వాటిలో చాలావరకు ఆల్కహాల్‌లో కలిపినవే. దగ్గు సిరప్ సీసా మీద రాసింది చదవండి. పరీక్షకు ముందు శానిటైజర్ రాసుకున్న చేతిని ముఖం దగ్గరికి తీసుకెళ్లకండి. అత్తరు అయితే, మూసి ఉన్న కాక్‌పిట్‌లో గంటల తరబడి పక్కవారూ పీల్చాలి కదా. స్నానం, ఉతికిన చొక్కా సరిపోతాయి.

ప్రశ్న: కూలింగ్ గ్లాసెస్ ఎలాంటివి కొనాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పోలరైజ్డ్ వద్దు. కాక్‌పిట్ తెరలు కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తాయి. ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ అద్దాలు ముందరి గాజు వెనక సరిగా పనిచేయవు, ఆ గాజే అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది. బూడిద రంగు అద్దం, సన్నటి కాడలు చూసుకోండి. కాడ మందంగా ఉంటే హెడ్‌సెట్ మెత్త చెవికి అతుక్కోదు. శిక్షణకు వాడే చిన్న సెస్నా విమానంలో ఆ సందులోంచే ఇంజిన్ మోత అంతా లోపలికి వస్తుంది.

ప్రశ్న: తిరుమలలో తలనీలాలిచ్చే మొక్కు ఉంది. ఏటా అయ్యప్ప దీక్ష కూడా వేసుకుంటాను. శిక్షణలో కుదురుతుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: గుండుతో విమానం నడపడానికి ఏ అడ్డూ లేదు. హెడ్‌సెట్ నేరుగా చర్మం మీద ఒత్తుకుంటుంది, పట్టీకి మెత్తటి గుడ్డ తొడుగు వేసుకోండి. ఇంటర్వ్యూ దగ్గర పడితే మొక్కు కాస్త వాయిదా వేయడం మంచిది. పాస్‌పోర్ట్ ఫొటోకీ ముఖానికీ పోలిక చూస్తారు.

దీక్ష సంగతి వేరు. 41 రోజులు చెప్పుల్లేకుండా విమానాలు నిలిపే ఏప్రన్ మీద నడవడం కుదరదు, అక్కడ బూట్లు కావాలి. ఒంటిపూట భోజనంతో, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, పది గంటలకు ఒంటరిగా నడిపే సోలో ఫ్లైట్ ఎక్కితే కళ్లు తిరగవచ్చు. గ్రౌండ్ క్లాసులు నడిచే నెలల్లో గానీ, రెండు దశల మధ్య సెలవుల్లో గానీ మాల వేసుకోండి. తేదీలు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే చెప్పి ఉంచితే ఆ రోజుల్లో మీ పేరు ఫ్లయింగ్ రోస్టర్‌లో వేయరు.