క్లోజ్డ్ సెల్ ఫోమ్‌ని ఇన్సులేషన్‌గా ఎక్కడెక్కడ వాడతారు?

ఏసీ రాగి పైపుకి తొడిగిన నల్లటి మెత్తని గొట్టం చూసే ఉంటారు, అదే ఇది. స్పాంజిలో గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, అందుకే నీళ్లు పీలుస్తుంది. ఇందులో ఏ బుడగకా బుడగ మూసుకునే ఉంటుంది. లోపలి గాలి కదలదు కాబట్టి వేడి సులువుగా దాటదు, తడీ దూరదు.

ఏసీ పైపుకి ఈ రెండోదే అసలు అవసరం. చల్లటి రాగికి గాలిలోని ఆవిరి తగిలితే నీరై కారుతుంది. గొట్టం ముక్కల మధ్య వేలెడు సందు వదిలారా, సరిగ్గా అక్కడే చుక్కలు పడతాయి! అతుకుల మీద టేపు చుట్టండి, కానీ ఫోమ్ నలిగేంత బిగించొద్దు. బుడగలు అణిగితే పనితనం తగ్గుతుంది.

థర్మోకోల్ ఐసు పెట్టెలు, ట్రెకింగ్ చాపలు, ఈతగాళ్ల నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) సూట్లు కూడా ఈ కోవలోవే. పొయ్యి దగ్గర మాత్రం వద్దు.