ఇంటి పైకప్పు మార్చాలంటే ఎంతవుద్ది? – ఈ నెల మీ ఉత్తరాలకి జవాబులు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండీ. మా మావయ్యగారు కట్టించిన పెంకుటిల్లు, యాభై ఏళ్లు దాటింది, గోడల బయట కొలత 30 అడుగులు బై 24. రెండు వైపులా వాలు, చుట్టూ రెండడుగుల చూరు. రెండేళ్లుగా వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకుంటున్నాం. ఒక మేస్త్రీ పెంకు తీసేసి కలర్ రేకు వేస్తా, అడుగుకి 200, మొత్తం 1,44,000 అన్నాడు. ఇంకొకాయన అదే పనికి 2,90,000 అన్నాడు. మా అబ్బాయేమో ఇవన్నీ ఎందుకు, స్లాబే వేసేద్దాం అంటున్నాడు. ఊళ్లో కనుక్కుంటే కొత్త బెంగుళూరు పెంకు ఒకటి 40, పెంకు నేత కూలి వంద అడుగుల చదరానికి 3,500, రీపరు (వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న కర్ర) అడుగు 25, వాసం ఒకటి 2,500 చెప్పారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: అమ్మా, రేట్లు కూడా కనుక్కుని రాశారు చూడండి, చాలా మంచి పని చేశారు, మామూలుగా ఎవరూ రాయరు.

ముందు ఆ 1,44,000 సంగతి చూద్దాం. 30 ఇంటూ 24 అంటే 720 అడుగులు, దాన్ని 200తో గుణించి చెప్పాడాయన. కానీ 720 అనేది మీ ఇంటి నేల, కప్పు కాదు కదండీ. చూరు కలిపితే పొడుగు 34, వెడల్పు 28 అయ్యింది, దాని మీద కప్పు ఏటవాలుగా ఉంది కాబట్టి ఇంకా పెరుగుద్ది. నిచ్చెనెక్కి కొలవక్కర్లా, ఇంట్లోంచే తెలుస్తుంది. చూరు ఎత్తు నుంచి కొప్పు (రెండు వాలులూ కలిసే పై అంచు) ఎత్తు వరకూ తేడా ఎంతో చూడండి. ఈ రకం ఇళ్లకి సగం వెడల్పులో సగం దాకా ఎత్తు పెడతారు, మీకు 14 అడుగుల సగానికి 7 అడుగులు ఉందనుకుందాం. 14ని 14తో, 7ని 7తో గుణించి కలిపితే 245, దాని వర్గమూలం 15 అడుగుల 8 అంగుళాలు. ఇది ఒక వైపు వాలు పొడుగు. దీన్ని 34తో గుణించి, రెండు వైపులు కాబట్టి రెట్టింపు చేస్తే సుమారు 1,065 అడుగులు. అంటే ఆ మేస్త్రీ చెప్పిన 200 రేటుకే పని 2,13,000 అవుద్ది, పనయ్యాక కొలుద్దాంలే అంటే ఆఖర్న మీ మీద పడేది ఆ లెక్కే. ఆయన మోసం చేస్తున్నాడని నేను అనట్లేదు, చాలామంది ముందు నేల కొలతతో చెప్పి తర్వాత కప్పు కొలతతో తీసుకుంటారు, అందుకే దేన్ని కొలిచి డబ్బులిస్తామో కాగితం మీద రాయించుకోవాలి. రెండో ఆయన 2,90,000లో ఏమేం ఉన్నాయో విడదీసి చెప్పమనండి, చెక్క ఎంత, రేకు ఎంత, కూలి ఎంత, పాత సరుకు ఎవరికి. విడదీసి చెప్పలేని ఎస్టిమేటుని పక్కన పెట్టేయండి.

ఐతే అసలు ఖర్చు తేల్చేది పెంకూ కాదు రేకూ కాదమ్మా, వాటి కింద ఉన్న చెక్క. అది చూడకుండా ఎవరు ఎంత చెప్పినా ఊహే. ఒక మనిషిని పెట్టి చూరు దగ్గర రెండు వరసలు, కొప్పు దగ్గర రెండు వరసలు పెంకు తీయించండి, ఒక్క పూట పని. వాసాలు గోడ మీద ఆనే చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా గుచ్చి చూడండి, అరంగుళం సులువుగా దిగితే ఆ వాసం పోయినట్టే. చెదపట్టేది, నీళ్లు నానేది ఎక్కువ అక్కడే, నడిమధ్య కర్ర గట్టిగా ఉండి కొసలు మాత్రం పుచ్చి ఉంటాయి. రెండడుగులకో వాసం లెక్కన మీ ఇంటికి వైపుకి 18, మొత్తం 36 ఉండాలి. వాటిల్లో ఎన్ని మార్చాలో లెక్కపెట్టి సుద్దతో గుర్తులు పెట్టించండి. అడ్డదూలాలు, కొప్పు దూలం కూడా చూడాలి, దూలం పోయిందంటే మాత్రం ఈ లెక్కలన్నీ మారిపోతాయి.

ఇప్పుడు పెంకే మళ్లీ నేయిస్తే ఎంతో మీరు రాసిన రేట్లతోనే వేద్దాం. బెంగుళూరు పెంకు చదరానికి, అంటే వంద అడుగులకి, సుమారు 150 పడుతుంది, మీ కప్పుకి 1,600. పాతవి దించుతుంటే కొన్ని పగులుతాయి, కొన్ని పొరలు పొరలుగా ఊడుతుంటాయి, వేలితో కొడితే ఖంగుమనేవి ఇంకో తరం వస్తాయి. నాలుగో వంతు పోయాయనుకుంటే 400 కొత్తవి, 16,000. రీపర్లు అడుగుకొకటి చొప్పున వరసలొస్తాయి కాబట్టి సుమారు 1,100 అడుగులు, 27,500. యాభై ఏళ్ల రీపరు మీద మళ్లీ పెంకు పెట్టించకండి, ఇందులో మాత్రం పొదుపొద్దు. వాసాలు 10 మార్చాల్సొస్తే 25,000. నేత కూలి 37,300. పెంకు దించడం, పాచి గీకి కడగడం 15,000, కొప్పు పెంకులు వాటి కింద సిమెంటు 8,000, చెదల మందు, చెక్కకి నూనె 6,000, ఈ మూడూ నా అంచనాలు, మీరు అక్కడ అడిగి సరిచేసుకోండి. మొత్తం 1,34,800. పైన ఇంకో పది శాతం పక్కన ఉంచుకుంటే 1,48,000 చిల్లర. అంటే రేకు కంటే తక్కువలోనే మీ పెంకుటిల్లు మీకు మిగులుద్ది, మే నెల మధ్యాహ్నం చల్లగానూ ఉంటుంది. చెక్క మూడొంతులు బాగుంటే నా సలహా ఖచ్చితంగా ఇదే.

చెక్క సగం పైన పోయిందనుకోండి, అప్పుడు రేకు ఆలోచించొచ్చు. కానీ ఒకటి గట్టిగా చెప్తున్నా. మీ పెంకు మొత్తం బరువు నాలుగు టన్నుల పైమాటే, రేకు ఐతే అందులో పదో వంతు దగ్గర ఉంటుంది. ఆ బరువే ఇన్నాళ్లూ గాలికి కప్పు లేవకుండా పట్టుకుంది. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా. రేకు వేస్తే వాసాలని గోడకి ఇనుప పట్టీలతో బోల్టు వేసి బిగించాలి, చూరు వెంట, కొప్పు వెంట, రెండు కొసల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, గాలి ముందు లేపేది అక్కడే. ఈ పట్టీల ఖర్చు రెండు ఎస్టిమేట్లలోనూ లేదని నా అనుమానం, అడగండి. చూరు కూడా రెండడుగుల నుంచి ఒకటిన్నరకి తగ్గిస్తే మేలు.

స్లాబ్ మాట మీ అబ్బాయికి ఇలా చెప్పండి. అయిదంగుళాల స్లాబ్ వంద అడుగులకి సుమారు మూడు టన్నులు తూగుతుంది, అదే పెంకు వంద అడుగులకి 400 కిలోల చిల్లర. 720 అడుగులకి 21 టన్నులు. మీ గోడలు మట్టితో కట్టిన ఇటుకైతే ఆ బరువు మోయలేవు, పునాది నుంచి పిల్లర్లు లేపాల్సిందే, అప్పుడది కప్పు మార్చడం కాదు, కొత్త ఇల్లు కట్టడం. డబ్బులుండి కట్టుకుంటానంటే సంతోషం, కానీ పాత గోడల మీద స్లాబ్ పోస్తానన్న మేస్త్రీని మాత్రం గుమ్మంలోకి రానివ్వకండి.

దించిన పెంకు, పాత కర్ర ఎవరిదో ముందే మాట్లాడుకోండి, పాత తాటి దూలాలకి, టేకు దూలాలకి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, కూలిలో కలిపి తీసుకుపోతుంటారు. పని సంక్రాంతి తర్వాత మొదలెట్టి మే లోపు అయిపోయేలా చూసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మాకు రేకుల ఇల్లుంది సార్, అద్దెకిచ్చాం. పాత సిమెంటు రేకులు తీసి కలర్ రేకులు వేయాలి. పొడుగు 33 అడుగులు, ఒకే వైపు వాలు, వాలు వెంట చూరుతో కలిపి 22 అడుగులు. 726 అడుగులకి షాపువాళ్లు 847 అడుగుల బిల్లు వేశారు. ఇదేం లెక్క?

జవాబు: ఆ లెక్క తప్పు కాదు, కానీ మీకు ముందే చెప్పుండాల్సింది. రేకు వెడల్పు మూడున్నర అడుగులు, ఒకదాని మీద ఒకటి ఎక్కించి వేస్తే కప్పేది మాత్రం ఒక మీటరు, అంటే మూడడుగుల మూడంగుళాలు. 33 అడుగులకి 10 రేకులు కొంచెంలో చాలవు, 11 కావాలి. 11 రేకులు, ఒక్కోటి 22 అడుగులు, వెడల్పు మూడున్నర, గుణిస్తే 847. ఈ తేడా ఎక్కడైనా ఉంటుంది కాబట్టి రెండు షాపుల రేట్లు పోల్చేటప్పుడు అడుగు రేటు కాదు, మీ ఇల్లు కప్పడానికి మొత్తం ఎంతో అడగండి. 22 అడుగుల రేకు ఒకే ముక్కగా చేయించుకోవచ్చు, మధ్యలో అతుకు లేకపోతే కారడం ఉండదు, కాకపోతే మీ సందులోకి అంత పొడుగు బండి వస్తుందో లేదో చూసుకోండి.

మందం విషయంలోనే ఎక్కువ తేడా జరుగుతుంది. 0.50 మిల్లీమీటర్లు అని చెప్పి 0.40 ఇస్తే కంటికి తెలీదు, తూకానికి తెలుస్తుంది. మూడున్నర అడుగుల వెడల్పు స్టీలు రేకు 10 అడుగుల ముక్క, 0.50 అయితే 13 కిలోల పైనే ఉండాలి, 11 దగ్గర ఆగిందంటే అది 0.40. దించేటప్పుడు ఒక రేకు తూయించండి. కింద ఇనుప పైపులు నాలుగు నాలుగున్నర అడుగుల ఎడంలో ఉండి తుప్పు లేకపోతే అవే వాడుకోవచ్చు, అక్కడ మీకు బోలెడు మిగులుతుంది.

ఇక మీరు అడగని విషయం, అసలు ముఖ్యమైంది. ఆ పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మొదటి గ్రూపులో పెట్టింది. సుత్తితో పగలగొట్టి కిందికి విసిరెయ్యడం మన దగ్గర మామూలైపోయింది, దయచేసి చేయించకండి. ముందు నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా చేత్తో దించాలి, పనివాళ్లకి గుడ్డ కాదు, ఎన్95 కూడా దీనికి చాలదు, పీ100 లేదా ఎఫ్ఎఫ్‌పీ3 రకం మాస్కే ఇవ్వాలి, అద్దెకున్నవాళ్లు పిల్లల్ని తీసుకుని ఆ రోజు ఇంకోచోట ఉండాలి. పగిలిన ముక్కలు మందపాటి పాలిథిన్లో చుట్టి, మున్సిపాలిటీ వాళ్లని అడిగి అప్పగించండి. ముక్కలు వాకిట్లో పరిచి గుంతలు పూడ్చడం అస్సలొద్దు. ఇలా దించితే ఇంకో రోజు కూలి అదనం అవుతుంది, ఎస్టిమేట్లో దాన్ని విడిగా రాయించండి, లేకపోతే పనివాళ్లు తొందరలో సుత్తే తీస్తారు.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ప్లేనోలో ఉంటాం. వడగళ్ల వాన పడ్డాక ఒక రూఫింగ్ కంపెనీ వాళ్లు తలుపు కొట్టి, ఇన్సూరెన్స్‌తో కొత్త రూఫ్ వేయిస్తాం, మీ డిడక్టబుల్ (క్లెయిములో మా జేబులోంచి కట్టాల్సిన వాటా) మేమే చూసుకుంటాం అన్నారు. చుట్టుపక్కల మన తెలుగువాళ్లు కొందరు సైన్ చేశారు. చేయొచ్చా?

జవాబు: చేయకండి. టెక్సస్‌లో కాంట్రాక్టరు డిడక్టబుల్ మాఫీ చేయడం 2019 సెప్టెంబరు 1 నుంచి చట్టప్రకారం నేరం, ఇన్సూరెన్స్ కంపెనీ మీరు కట్టినట్టు రుజువు అడగొచ్చు. ఆ డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా, చవక షింగిల్ (అక్కడ కప్పు మీద పరిచే పలక) వేసో, బిల్లు పెంచో తెస్తారు, బిల్లు పెంచితే అబద్ధపు క్లెయిములో మీ సంతకం ఉంటుంది. మీ పాలసీ తీసి వడగళ్ల డిడక్టబుల్ ఎంతో చూడండి, అది ఒక్కోసారి ఇంటి కవరేజీలో శాతంగా ఉంటుంది. నాలుగు లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతం అంటే 8,000 డాలర్లు మీ జేబులోంచే. కప్పు పాతబడిందని తరుగు తీసేసి ఇచ్చే పాలసీనా, కొత్తదానికి పూర్తి ఖర్చిచ్చేదా అన్నది కూడా అందులోనే ఉంటుంది, దీనివల్లే వేల డాలర్ల తేడా వస్తుంది. ముందు ఇన్సూరెన్స్ వాళ్లనే పిలిపించి చూపించండి.

కాంట్రాక్టులో రెండు ఉండాలి. ఒకటి, పాత షింగిల్ పూర్తిగా పీకుతారా, దాని మీదే ఇంకో పొర వేస్తారా అన్నది, పీకించడమే మంచిది. రెండోది, షింగిల్ కింద ప్లైవుడ్ కుళ్లి ఉంటే నాలుగు బై ఎనిమిది షీట్ ఒకటి మార్చడానికి ఎంతో ముందే రాయించండి, పైకప్పు విప్పాక అడిగితే బేరమాడే అవకాశం మీకుండదు, ఎన్ని షీట్లు మార్చారో ఫోటోలు కూడా ఇమ్మనండి.