గార్బో చేతులు చూసి రాయి

చిరంజీవికి,

1933 నాటి హాలీవుడ్ సినిమా ‘క్వీన్ క్రిస్టీనా’ మీద నీ వ్యాసం చేరింది. సినిమా మీద నీకున్న ఇష్టం ప్రతి పేజీలోనూ తెలుస్తోంది, సినిమా మాత్రం ఎక్కడా కనబడటం లేదు. ‘అద్భుతం’ అనే మాట పదకొండుసార్లు, ‘మాటలకందని’ ఆరుసార్లు వాడావు. మాటలకందనిదైతే ఇన్ని పేజీలు ఎందుకు రాశావని పాఠకుడు అడుగుతాడు. రాణిగా వేసిన గ్రెటా గార్బో కళ్ళ గురించి రెండు పేరాలున్నాయి, చేతుల గురించి ఒక్క వాక్యం లేదు. ఈ సినిమాలో అసలు పని చేతులు చేస్తాయి.

ముందు చూడాల్సిన తీరు చెప్తాను. నిడివి దాదాపు వంద నిమిషాలు. మూడుసార్లు చూడు. మొదటిసారి నోటుబుక్కు దగ్గర పెట్టుకోకు. రెండోసారి పేజీని నాలుగు గళ్ళు చేసుకో: ఎన్నో నిమిషం, ఏం కనబడింది, ఏం వినబడింది, కెమెరా ఏం చేసింది. నాలుగో గడి దాదాపు అందరూ ఖాళీగానే వదిలేస్తారు, అందుకే మన సినిమా వ్యాసాలు కథ చెప్పడంతో ఆగిపోతాయి. మూడోసారి మొత్తం చూడనక్కర్లేదు. సత్రం గది దృశ్యం, ఓడ మీది చివరి షాట్ మాత్రం శబ్దం తీసేసి, స్టాప్‌వాచీ పట్టుకుని చూడు.

సత్రం సంగతి తీసుకుందాం. మంచులో దారి మూసుకుపోయింది. మగవేషంలో ఉన్న స్వీడన్ రాణికీ, స్పెయిన్ రాయబారి ఆంటోనియోకీ ఒకే గది దొరికింది. అతనికి నిజం తెలిసిపోయింది, రోజులు గడిచాయి. ఇక వెళ్ళిపోవాలి. అప్పుడామె గదంతా తిరుగుతుంది. రాట్నం మీద చెయ్యి వేస్తుంది, గోడ మీది దేవుడి పటాన్ని తాకుతుంది, దిండుకు చెంప ఆనిస్తుంది, మంచంకోడును కావలించుకుంటుంది. ఏం చేస్తున్నావని అతనడిగితే, గదిని కంఠస్థం చేసుకుంటున్నానంటుంది. మున్ముందు జ్ఞాపకాల్లో చాలాకాలం ఈ గదిలోనే ఉండాలట.

దీన్ని నువ్వు ‘ప్రేమ తాలూకు విషాద మాధుర్యం తెరమీద పొంగిపొర్లింది’ అని రాశావు. ఆ వాక్యాన్ని ఏ సినిమాకైనా అతికించవచ్చు. దాని బదులు, ‘వదిలి వెళ్ళాల్సిన ఇంట్లో తలుపుల్నీ గోడల్నీ తడిమి చూసుకున్నట్టు ఆమె ఒక్కో వస్తువునీ తాకింది’ అని రాస్తే పాఠకుడికి చెయ్యి కనబడుతుంది. విషాదాన్ని అతనే తెచ్చుకుంటాడు. ఏ వస్తువు ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి తిరిగి చూసింది అన్నవన్నీ నీ గళ్ళలోంచే రావాలి. ఇంకో వ్యాసంలోంచి ఎత్తి రాస్తే ఆ వ్యాసకర్త తప్పులూ నీ ఖాతాలో పడతాయి.

ఆ కదలికలు నాట్యంలా ఉన్నాయని నువ్వు పసిగట్టావు, బాగుంది. కారణం కూడా రాయి. దర్శకుడు రూబెన్ మమూలియన్ నాటకరంగం నుంచి వచ్చినవాడు. అంతకుముందు ఏడాదే ‘లవ్ మీ టునైట్’ అనే సంగీతచిత్రం తీశాడు. ఈ దృశ్యానికి మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) పెట్టి గార్బో చేత తాళానికి నడిపించానని తరవాత చెప్పుకున్నాడు. ‘చెప్పుకున్నాడు’ అనే మాట ఉంచు. దర్శకులు తమ గురించి చెప్పుకున్నవి మంచి సరుకే, కానీ సాక్షి సంతకం లేని కాగితాలు.

చివరి షాట్‌కూ ఇదే జాగ్రత్త. ద్వంద్వయుద్ధంలో గాయపడిన ఆంటోనియో ఓడ మీద కన్నుమూశాడు. ఆమె ఓడ ముందుకొనకు వచ్చి నిలబడింది. దూరం నుంచి మొదలైన కెమెరా ఎక్కడా కట్ లేకుండా ముఖం తెరనిండా పరుచుకునేదాకా దగ్గరికి వెళ్తుంది. ముఖంలో ఏమీ ఉండదు. ఏం ఆలోచించమంటారని గార్బో అడిగితే, ఏమీ ఆలోచించొద్దు, ముఖాన్ని తెల్లకాగితంలా ఉంచు, రాత ప్రేక్షకుడు రాసుకుంటాడు అన్నానని మమూలియన్ ఇంటర్వ్యూల్లో చెప్పిన మాట. నీ వ్యాసంలో మాత్రం ఆ ముఖంలో ‘వేదన, తెగింపు, ఆశ, నిరాశ’ నాలుగూ కనబడ్డాయి. దర్శకుడు ఖాళీగా ఉంచిన కాగితాన్ని నువ్వు నింపేశావు. నీకు కనబడినవి రాయొద్దనను. ముందు ఖాళీ ముఖాన్ని చూపించు, ఆ తర్వాత ‘నాకు కనబడింది ఇది’ అని రాయి.

అందులో ఒక సాంకేతికమైన చిక్కు ఉంది, రెండు వాక్యాలు దానికివ్వు. దూరపు షాట్‌కు స్పష్టత కావాలి, ఆనాటి పద్ధతిలో తార క్లోజప్‌కు కాస్త మెత్తదనం కావాలి. ఒకే షాట్‌లో రెండూ కుదరాలంటే ఎలా? ఒక కొసన తేటగా, రెండో కొసకు పోయేకొద్దీ మసకగా ఉండే గాజుపట్టీ చేయించి, కెమెరా దగ్గరవుతుంటే దాన్ని లెన్సు ముందు మెల్లగా జరిపించానని మమూలియన్ చెప్పాడు. కెమెరా వెనక ఉన్నవాడు విలియం డేనియల్స్. మూకీల రోజుల నుంచీ గార్బో ముఖానికి వెలుగు పెట్టిన మనిషి. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు. ఆ ముఖాన్ని పొగిడి డేనియల్స్‌ను మరిచిపోవడం పెళ్ళిభోజనం మెచ్చుకుని వంటమనిషిని పలకరించకుండా రావడమే. దుస్తుల్లో ఆడ్రియన్ పేరు, కథలో సాల్కా వీర్టెల్ పేరు కూడా చేర్చు. నటుల జాబితా పెంచొద్దు. సేవకుడు ఆగెగా వేసిన సి. ఆబ్రీ స్మిత్ ఒకప్పుడు ఇంగ్లండ్ టెస్టు జట్టుకు కెప్టెన్ అనీ, ఆడిన ఏకైక టెస్టు అదేననీ రాస్తే మాత్రం మనవాళ్ళు ఆనందంగా చదువుతారు.

ఇక తెలుగులో మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది. ఇంగ్లీషు క్రియకు లింగం లేదు, మన క్రియకు ఉంది. సత్రంలో ఆంటోనియో ఎదుట కూర్చున్నది అతని లెక్కన కుర్రాడు, మన లెక్కన రాణి. ఒకే పేరాలో ‘నవ్వాడు’, ‘అంది’, ‘కూర్చున్నాడు’ అని కలిపేశావు. అచ్చుతప్పు అనుకుంటారు. నీ కథనమంతా ‘ఆమె, అంది’ అని నడుపు. ఆంటోనియో దృష్టిలోంచి చెప్పే వాక్యాల్లో మాత్రం ‘ఈ కుర్రాడు బాగా మాట్లాడుతున్నాడే అనుకున్నాడతను’ అని అతని నోటికే అప్పగించు. నిజం తెలిసిన క్షణంలో ‘డు’ పోయి ‘ది’ వస్తుంది. సినిమాలో లేని చిన్న మలుపు అది, మన వ్యాకరణం ఊరికే ఇచ్చింది. వాడుకో.

అలాంటిదే ఇంకొకటి. పెళ్ళికాని ముసలిదానిగా చనిపోతారా అని ఛాన్సలర్ ఆక్సెన్‌స్టియెర్నా మందలిస్తే, ఆ ఉద్దేశం లేదు, బ్యాచిలర్‌గా పోతానంటుంది. నువ్వు ‘బ్రహ్మచారిణిగా’ అని అనువదించావు. అక్కడితో మాట చచ్చిపోయింది. ఆమె కావాలనే మగమాట వాడింది, చమత్కారమంతా అందులోనే ఉంది. ‘బ్రహ్మచారిగా పోతాను’ అంటే సగం నిలుస్తుంది, కానీ మన చెవికి కాస్త దీక్ష, కాషాయం వాసన వేస్తుంది. ‘బ్యాచిలర్’ అనే ఉంచేయి. హైదరాబాదులో అద్దెగది వెతికిన ప్రతివాడికీ ఆ మాట తెలుసు.

ఆంటోనియోగా వేసిన జాన్ గిల్బర్ట్ మీద నువ్వు రాసిన పేజీ తీసేసి కొత్తగా రాయాలి. ‘కీచుగొంతు వల్ల టాకీల్లో పతనమైన మూకీ తార’ అని రాశావు. ఇన్నేళ్ళుగా చేతులు మారుతున్న కథే అది. దాన్ని పరీక్షించడానికి పుస్తకాలక్కర్లేదు. ఈ సినిమాలోనే అతని మాటలు కళ్ళు మూసుకుని పది నిమిషాలు విను. మామూలు మగగొంతు. 1929లో వచ్చిన ‘హిజ్ గ్లోరియస్ నైట్’లో ప్రేమ సంభాషణలకు జనం నవ్వారన్నది నిజమే. మూకీలో తెరమీద వేసే మాటల అట్టల్లో చదువుకున్నప్పుడు నప్పిన అతిశయాలు నోటితో పలికేసరికి ఎబ్బెట్టుగా వినబడ్డాయి. గొంతుకూ ఆ రాతకూ తేడా చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టే. ఆ పాత్రకు మొదట ఇంగ్లండు నుంచి లారెన్స్ ఒలివియేను పిలిపించారు. అతన్ని తప్పించాక గార్బో పట్టుబట్టి గిల్బర్ట్‌ను తెచ్చుకుంది. ‘ఫ్లెష్ అండ్ ద డెవిల్’, ‘లవ్’, ‘ఎ వుమన్ ఆఫ్ ఎఫైర్స్’ తర్వాత ఇద్దరికీ ఇది నాలుగోది, ఆఖరుది. అప్పటికి ఆమె ఎం.జి.ఎం. స్టూడియోలో ఏది కావాలన్నా సాగే తార, అతను అవకాశాల్లేనివాడు. ఈ తారుమారు తెలిసి చూస్తే, రాణి కాళ్ళ దగ్గర నిలబడిన రాయబారి వేరుగా కనబడతాడు. అతను 1936 జనవరి 9న చనిపోయాడు, నలభై కూడా నిండలేదు.

వాళ్ళ ప్రేమ గురించి, పెళ్ళినాడు ఆమె రాకపోవడం గురించి ఉన్న కథనాలు నిలిచింది ఇతరుల జ్ఞాపకాల మీద. ‘అని చెప్పుకుంటారు’ అని ఒక్క వాక్యం రాయి, లేదా వదిలేయి. వదిలేస్తేనే నయం.

చరిత్ర భాగంలో నువ్వు చేసిన తప్పు చాలామంది చేసేదే: సినిమా రాణినీ అసలు రాణినీ ఒకే మనిషిని చేశావు. రెండు ఖాతాలు విడిగా పెట్టు. అసలు క్రిస్టీనా 1626లో పుట్టింది. తండ్రి గుస్తావ్ అడాల్ఫ్ 1632లో లుట్జెన్ యుద్ధంలో చనిపోయేసరికి ఆమెకు ఆరేళ్ళు నిండలేదు. రాకుమారుడిలా పెంచారు. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్‌ను పిలిపించుకుని తెల్లవారుజామున ఐదింటికి తత్వపాఠం పెట్టించుకుంది. ఆయన 1650 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్ చలికాలంలోనే పోయాడు. పెళ్ళి చేసుకోనని తేల్చి, 1649లోనే మేనత్త కొడుకైన చార్లెస్ గుస్తావ్‌ను వారసుడిగా ఖాయం చేయించింది. 1654లో ఉప్సలా కోటలో సింహాసనం వదిలింది. కిరీటం తీయాల్సిన పెర్ బ్రాహే కదలకపోతే తనే తీసుకుంది. ఆ ఏడాది చివర బ్రస్సెల్స్‌లో రహస్యంగా, 1655లో ఇన్స్‌బ్రుక్‌లో బాహాటంగా కేథలిక్ మతం పుచ్చుకుంది. 1689లో రోములో చనిపోయింది.

ఆంటోనియో పిమెంటెల్ అనే స్పెయిన్ రాయబారి నిజంగానే 1652లో వచ్చాడు. అయితే ఆమె కోసం ద్వంద్వయుద్ధంలో చనిపోయిన ప్రియుడు అతను కాదు. కిరీటం వదలడానికి సినిమా చూపించిన కారణం ప్రేమ. చరిత్రలో బలంగా కనబడేవి మతం, పెళ్ళంటే అయిష్టత. ‘సినిమా అబద్ధం చెప్పింది’ అని రాసి ఊరుకోకు, అది తేలిక పని. మతం అనే కారణాన్ని తీసి ఆ చోట మనిషిని పెట్టడం వల్ల కథకు ఏం లాభించిందో చూడు: తెరమీద మతమార్పిడిని ముఖంలో చూపించడం కష్టం, గదిని తడిమే చేతులు చూపించడం సాధ్యం.

తేదీల దగ్గర ఒక గుంట ఉంది. పదవీత్యాగం ఒక పుస్తకంలో జూన్ 6, ఇంకోదాంట్లో జూన్ 16 అని కనబడుతుంది. రెండూ సరైనవే. స్వీడన్‌లో అప్పటికింకా జూలియన్ క్యాలెండరే, తేడా పది రోజులు. ఏదో ఒక లెక్క ఎంచుకుని చివరిదాకా దానిమీదే ఉండు.

రుద్రమదేవితో పోలిక తెచ్చావు. సహజమే, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగపేరున్న రాణిని ఎరిగిన పాఠకుడికి, రాకుమారుడిలా పెరిగిన క్రిస్టీనా కొత్త కాదు. కానీ ఆ పోలికను మూడు పేజీలు సాగదీశావు. చందుపట్ల శాసనం రుద్రమ మరణాన్ని 1289లో చూపిస్తుంది, క్రిస్టీనా పోయింది సరిగ్గా 400 ఏళ్ళకు. అంకెలు కలిశాయి కదా అని దాంట్లో అర్థం వెతక్కు. ఒకరు రాజ్యం కోసం పోరాడారు, ఒకరు దాన్ని వదిలి వెళ్ళారు. ఒక పేరా చాలు.

ఇలాంటిదే ఇంకో ఉచ్చు: 1941 తర్వాత, 36 ఏళ్ళకే గార్బో సినిమాలు మానేసింది కాబట్టి ఈ పదవీత్యాగం దానికి ముందుమాట అన్నావు. సినిమా వచ్చింది 1933 డిసెంబరులో. ఎనిమిదేళ్ళ తర్వాత తను ఏం చేస్తుందో ఆ నటికీ తెలియదు. తెరమీది గార్బో, కోటలోని క్రిస్టీనా దాదాపు ఒకే ఈడువాళ్ళు: కిరీటం తీసేనాటికి రాణికి 27, సినిమా వచ్చేనాటికి నటికి 28. ఈ లెక్క వాడుకో, జోస్యం వద్దు.

రాణి తన చెలికత్తె ఎబ్బా స్పారెను పెదవుల మీద ముద్దుపెట్టుకోవడం, సత్రంలో పెళ్ళికాని ఇద్దరు ఒకే గదిలో రోజులు గడపడం ఎలా సాగాయని అడిగావు. తెరమీద ఏవి చూపించకూడదో చెప్పే హాలీవుడ్ నియమావళి 1930లోనే రాసిపెట్టారు, కచ్చితంగా అమలు మొదలైంది 1934 జూలైలో. సినిమా ఆ సందులో బయటపడింది. ఇది ఒక్క వాక్యంలో సరిపోతుంది.

ఎత్తుగడ మార్చు. ‘గ్రెటా గార్బో 1905 సెప్టెంబరు 18న స్టాక్‌హోమ్‌లో జన్మించింది’ అని మొదలుపెట్టకు. తెల్లవారకముందే లేచి చదువుకుంటున్న రాణి, బయటి మంచు గుప్పిట పట్టి ముఖానికి రుద్దుకునే దృశ్యంతో మొదలుపెట్టు. పుట్టినరోజు ఎక్కడో మధ్యలో దొర్లిపోతుంది. కథాసారం 120 మాటలు దాటనీయకు. మొత్తం 1,500 మాటల్లో సత్రానికీ ఓడకూ కలిపి 600 ఇవ్వు.

రెండో ప్రతి పంపేటప్పుడు నోటుబుక్కులో ఆ రెండు దృశ్యాల పేజీలు కూడా ఫొటో తీసి పంపు. వ్యాసం కన్నా ముందు అవే చూస్తాను.

ఆశీస్సులతో.