నుదుటి బెల్టు వద్దన్న మీ బిడ్డ మాట వినండి

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. ఐదెకరాల బత్తాయి తోట ఉంది. మా బిడ్డ నల్లగొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. మొన్న కాలేజీకి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, పిల్లల తలకు బెల్టు పెట్టి మెదడు చదివి, ఏ కోర్సు సరిపోతుందో రిపోర్టు ఇస్తామన్నారట. ఫీజు 4,500. సంతకం పెట్టమని కాగితం పంపారు. నేను సరేనన్నాను. బిడ్డ మాత్రం ‘నా తలకాయలో ఉన్నది వాళ్లకెందుకు నాయినా’ అని పెట్టుకోలేదు. పైగా ఇప్పుడు ఆ మెదడు మిషన్ల చదువే చదువుతానంటోంది. ఆ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? బెల్టు పరీక్ష చేయించాలా, వద్దా?
– ఒక తండ్రి

జవాబు: ముందు ఆ నాలుగున్నర వేల సంగతి. ఇంకా కట్టి ఉండకపోతే కట్టకండి.

మీరు తోట ఉన్నవారు కాబట్టి మీ లెక్కలోనే చెప్తాను. కోతకు ముందు వ్యాపారి వచ్చి, తోటంతా ఒక చుట్టు తిరిగి ఇన్ని టన్నులు దిగుతాయని అంచనా కడతాడు. అనుభవం ఉన్నవాడైతే అటూఇటూగా నిజమే అవుతుంది. ఫలానా కొమ్మకున్న కాయ తీపా పులుపా అంటే మాత్రం చెప్పలేడు. బెల్టు కూడా చుట్టూ తిరిగి చూసేదే. దాంట్లో ఉన్నది ఈఈజీ, అంటే మెదడులో పుట్టే కరెంటును తల మీది నుంచి పట్టి గీతలుగా రాసే పద్ధతి. హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టర్ 1924లోనే మనిషి మెదడు నుంచి దాన్ని రికార్డు చేశాడు. లక్షల నాడీకణాల కరెంటు పుర్రె దాటి చర్మం మీదికి వచ్చేసరికి వోల్టులో పది లక్షల వంతుల్లోకి పడిపోతుంది. రెప్ప కొట్టినా, పళ్లు బిగించినా వచ్చే సిగ్నల్ దానికంటే పెద్దది. అనుభవమున్న న్యూరాలజిస్టు అందులో మూర్ఛ జాడ పట్టగలరు, నిద్ర తీరు చూడగలరు. సివిల్ తీసుకోవాలా సీఎస్ఈ తీసుకోవాలా అన్నది ఆ గీతల్లో ఉండదు.

చెప్పుకోవడానికి సిగ్గే కానీ, నేనూ ఒకసారి ఇలాగే పడ్డాను. వేలిముద్రలు చూసి పిల్లల భవిష్యత్తు చెప్తామని ఒకరు వస్తే, మా వాడి పది వేళ్లూ అద్దించాను. నలభై పేజీల రంగుల రిపోర్టు వచ్చింది. నాయకత్వ లక్షణాలు ఉన్నాయని రాశారు. మావాడు క్లాసులో లేచి నిలబడి మాట్లాడాలంటేనే చెమటలు పట్టే రకం. డబ్బు పోతే పోయింది, ఆ వేలిముద్రలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో నాకు తెలియదు. మీ బిడ్డ అడిగిన మాట అప్పుడు నాకు తట్టలేదు.

అయితే మనసు చదివే మిషన్లన్నీ ఉత్తవే అనుకోకండి. 2023లో అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీ పరిశోధకులు మనిషిని ఎంఆర్ఐలో పడుకోబెట్టి, అతను వింటున్న కథ సారాంశాన్ని మెదడు స్కాన్ల నుంచే మాటల్లోకి తెచ్చారు. అందుకోసం ఒక్కొక్కరు 16 గంటల పాటు ఆ మిషన్‌లో కథలు వినాల్సి వచ్చింది. ఒకరి మీద నేర్పించిన ప్రోగ్రాం ఇంకొకరి మీద సరిగ్గా పనిచేయలేదు. మనసులో జంతువుల పేర్లు తలుచుకున్నా, వేరే కథ చెప్పుకున్నా దారి తప్పింది. నల్లగొండ హాస్టల్లో పది నిమిషాల బెల్టుకు ఆ శక్తి ఎక్కడిది?

అసలు పని జరుగుతున్నది పుర్రె లోపల. 2025లో స్టాన్‌ఫర్డ్ బృందం, పక్షవాతం వంటి జబ్బులతో మాట దెబ్బతిన్న వారి మెదడులో అమర్చిన సన్నని ఎలక్ట్రోడ్లతో, పెదవి కదపకుండా లోపల అనుకున్న మాటనే కొంతవరకు పట్టుకోగలిగింది. మరి రోగి బయటికి చెప్పదలుచుకోని మాట కూడా స్పీకర్‌లో వచ్చేస్తే? అందుకని తాళం వేశారు. ముందుగా అనుకున్న ఒక రహస్య పదబంధాన్ని మనసులో తలుచుకుంటేనే మిషన్ వినడం మొదలుపెడుతుంది. ఆ పదబంధాన్ని అది 98 శాతానికి పైగా సరిగ్గా గుర్తుపట్టింది. మీ బిడ్డ పోతానంటున్న రంగంలో ఈ తాళం పని కూడా ఒక ఉద్యోగమే.

బెల్టు ఇవాళ ఏమీ చదవలేదు కదా, పెట్టుకుంటే పోయేదేముంది అంటారేమో. పోయేది రికార్డింగు. గీతలు కంప్యూటర్‌లో దాస్తారు, చదివే ప్రోగ్రాంలు ఏటేటా మెరుగవుతాయి. రేపు ఎవరో అదే ఫైలులో మూర్ఛ లక్షణం ఉందంటే, నిజమో అబద్ధమో గానీ, ఆ మాట ఇన్సూరెన్సు దాకా పోతుందో పెళ్లి సంబంధాల దాకా పోతుందో మీరే ఆలోచించండి.

మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, నిందితులకైనా సరే, ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని తీర్పు చెప్పింది. ఇక 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలు అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువిచ్చారు. కాబట్టి ఆ సంతకం కాగితాన్ని ఫీజు రసీదులా చూడకండి.

ఇక చదువు. బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉస్మానియాలో ఉంది, ఎప్‌సెట్ ర్యాంకుతో వస్తుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఈ రెండూ రాకపోతే, పేరులో మెదడు ఉందని చెప్పి లక్షలు గుంజే ప్రైవేటు కోర్సులో మాత్రం చేర్పించకండి. మంచి కాలేజీలో ఈసీఈ చాలు. ఈఈజీ అంటే చివరికి సిగ్నలే, సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లకు మెదడు కాకపోతే చిప్పులు, వైద్య పరికరాలు ఉన్నాయి. మెదడు మీదే మనసుంటే తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీ చేయొచ్చు. ఈ రంగంలో నేరుగా ఉద్యోగాలు ఇప్పటికైతే తక్కువే, నల్లగొండలో కూర్చొని చేసేవి కావు. బీటెక్ కాగానే జీతం రావాలనే టెన్షన్ ఇంట్లో ఉంటే అది బిడ్డకు ఇప్పుడే చెప్పండి.

ఇంకో దారి కూడా ఆమెకు చెప్పండి, నాకైతే అదే నచ్చింది. లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి, హైదరాబాద్‌లోని నల్సార్ యూనివర్సిటీ లాంటి చోట లా. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. మెదడు నుంచి తీసే ఇలాంటి నాడీ సమాచారానికి 2024లో అమెరికాలోని కొలరాడో, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టంలో చోటిచ్చాయి. మన చట్టంలో దాని మాటే ప్రత్యేకంగా లేదు.

ఏ దారో తేల్చుకోవడానికి బెల్టు అక్కర్లేదు. పరీక్షలయ్యాక సెలవుల్లో ఫిజియోనెట్ వెబ్‌సైటు నుంచి 109 మంది ఈఈజీ రికార్డింగులు ఉచితంగా దించుకొని, పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషలో ఆ గీతలు గీసి చూడమనండి. రెండు వారాల తర్వాత కూడా విసుగు రాకపోతే ఇంజనీరింగ్ వైపు పోనివ్వండి. గీతలకంటే వాటి కింద రాసిన షరతులే ఎక్కువ చదివితే లా గురించి మాట్లాడుకుందాం.

హాస్టల్లో ఇప్పటికే బెల్టు పెట్టుకున్న పిల్లలు ఉండే ఉంటారు. చిలీ దేశంలో ఒక మాజీ సెనేటర్ ఇలాంటి పరికరమే కొని, తన మెదడు సమాచారం తీసేయమని కోర్టుకెక్కితే, 2023 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు ఆ సమాచారాన్ని తీసేయమని కంపెనీని ఆదేశించింది. మనవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. మా పిల్లల రికార్డింగులు తొలగించి, తొలగించినట్టు రాసివ్వండని తల్లిదండ్రులంతా కలిసి కంపెనీకి ఒక ఉత్తరం రాయండి, ఒక కాపీ ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఉత్తరం మీ బిడ్డ చేత రాయించినా బాగానే ఉంటుంది.