ఆ పాత ప్లేటు పీకకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ తీరిగ్గా చూశాను. మంచి కారే కొన్నావు. తలుపుల కింది రేకు తుప్పు తిన్నా, నేల రేకులకు చిల్లులు పడినా అవన్నీ వెల్డింగుతో బాగయ్యేవే. ఆఖరి ఫోటో కింద రాసిన మాటే నాకు గుబులు పుట్టించింది. "ఛాసిస్ ప్లేటు వెలిసిపోయింది, ఒక రివెట్టు కూడా ఊడింది, అచ్చం ఇలాంటిదే కొత్తది దొరుకుతోంది, నంబరు గుద్దించి బిగించేస్తాను" అన్నావు. అది కారు గుర్తింపు నంబరు ఉండే ప్లేటు, ఆ పని మాత్రం చేయకు. నెమ్మదిగా చదువు, ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

కార్లకు 17 అక్షరాలు, అంకెలు ఉండే ఇప్పటి గుర్తింపు నంబరు అమెరికాలో 1981 మోడల్ నుంచి స్థిరపడింది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే. ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన నీ ఎంజీబీ కారు 1963 నాటిది కాబట్టి దాని నంబరు జీహెచ్‌ఎన్3 అని మొదలవుతుంది. జీ అంటే ఎంజీ. హెచ్ అంటే 1,400 నుంచి 1,999 సీసీ లోపు ఇంజిన్. ఎన్ అంటే ఇద్దరు కూర్చునే ఓపెన్ కారు. తర్వాత వచ్చిన, గట్టి పైకప్పు ఉన్న జీటీ మోడల్‌కు ఎన్ స్థానంలో డి ఉంటుంది. 3 పక్కన ఎల్ ఉంటే స్టీరింగు ఎడమవైపు. అరచేతిలో ఇమిడే ఆ రేకుముక్క ఇంత చెబుతోంది. దాని మీది వరుస సంఖ్య ఇంకా ఎక్కువ చెబుతుంది. ఇంగ్లండులో గేడన్ అనే చోట ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఆనాటి ఫ్యాక్టరీ రికార్డులు భద్రంగా ఉన్నాయి. నంబరు రాసి, రుసుము కట్టి అడిగితే ఆ కారు ఎప్పుడు తయారైంది, ఏ రంగుతో బయటికి వచ్చింది, మొదట ఏ ఇంజిన్ నంబరు ఉంది, ఎక్కడికి పంపారు అన్నవి చూసి సర్టిఫికెట్ ఇస్తారు. రంగు డబ్బా కొనక ముందే ఆ సర్టిఫికెట్ తెప్పించుకో. చాలామంది కారంతా విప్పి, రంగు వేసి, లోపలి సీట్లు కుట్టించాక రికార్డు తెప్పించి తల పట్టుకుంటారు.

ఇక ఇంజిన్ సంగతి. బ్లాకు (ఇంజిన్ ప్రధాన లోహపు దిమ్మె) పక్కన రివెట్లతో బిగించిన చిన్న ప్లేటును దగ్గరగా ఫోటో తీశావు, బాగుంది. దాని మీద 18జీబీ అని ఉంది. నువ్వు గమనించావో లేదో, 1963లో ఆ ఇంజిన్ లేదు. మొదటి ఎంజీబీలకు 18జీ, తర్వాత 18జీఏ ఇంజిన్లు వచ్చాయి, వాటిలో తిరిగే ప్రధాన కడ్డీ, అంటే క్రాంక్‌షాఫ్టును, మోసేవి 3 మెయిన్ బేరింగులు. 5 బేరింగుల 18జీబీ 1964 చివర్లో మొదలైంది. అంటే మధ్యలో ఎవరో నీ కారుకు ఇంజిన్ మార్చారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నడపడానికి 5 బేరింగుల ఇంజినే మేలు కూడా. అయితే ఇది తెలియగానే నీకు ఒక ఆలోచన రావచ్చు, వచ్చేలా పక్కవాళ్లు చెప్పనూవచ్చు: ఖాళీ ప్లేటు మీద 18జీతో మొదలయ్యే పాత నంబరు గుద్దించి, ఈ బ్లాకుకు తగిలిస్తే పుట్టినప్పటి ఇంజినే ఉన్నట్టు కనిపిస్తుంది కదా అని. మోసం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. నువ్వు అమ్మకపోవచ్చు. నీ తర్వాత ఆ కారు కొనేవాడు మాత్రం ఆ ప్లేటును నమ్మి డబ్బు పోస్తాడు. నిజం 18జీబీ అయితే 18జీబీ అనే ఉండనివ్వు. ఎప్పుడైనా ఆ కాలపు 18జీ ఇంజిన్ దొరికితే బిగించుకో, దాని ప్లేటుతోనే బిగించుకో.

ఇలాంటి మోసం ఎవరికీ దొరకదులే అనుకోవద్దు. అనుభవం ఉన్నవాడు ప్లేటు మీద అంకెలను చదవడం ఆఖరున చేస్తాడు. ముందు టార్చిలైటు పక్కవాటుగా పట్టి చుట్టూ ఉన్న రంగు చూస్తాడు. ప్లేటు అంచు కింద ఒక రంగు, పక్కన ఇంకో రంగు పొర కనిపిస్తే అది ఎప్పుడో ఊడి మళ్లీ బిగిసిందన్నమాట. రివెట్ల తలలు చూస్తాడు. బజారులో దొరికే పాప్ రివెట్టుకు మధ్యలో చిన్న గుంట ఉంటుంది, ఫ్యాక్టరీలో వేరే రకం వాడి ఉంటే తేడా ఇట్టే కనబడుతుంది. 1960ల నడుమ నుంచి కొన్ని అమెరికన్ కంపెనీలు పువ్వు రేకుల్లాంటి తల ఉన్న ప్రత్యేక రివెట్లు వాడింది కూడా ఇలాంటి మార్పిడిని పట్టుకోవడానికి వీలుగానే. ఆ తర్వాత అంకెల లోతు, వరుస, వాటి మధ్య ఎడం. చివరికి గానీ ఆ అంకెలు ఏమంటున్నాయో చూడడు.

షెవర్లే వి8 ఇంజిన్లలో దీనికి ఇంకా చక్కటి ఉదాహరణ ఉంది. బ్లాకు ముందు భాగంలో నంబరు గుద్దే చదునైన చోటును ఫ్యాక్టరీలో బ్రోచింగ్ యంత్రంతో, అంటే పళ్లున్న కోత పనిముట్టుతో, చదును చేసేవారు. ఆ యంత్రం ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు వదిలేది, వేలి గోరుతో రాస్తే తగిలేటంత సన్నవి. పాత నంబరు చెరిపి కొత్తది గుద్దాలంటే ఆ చోటును అరగదీయాలి, అరగదీస్తే గీతలు పోతాయి. అద్దంలా నునుపైన చోట ఒద్దికగా నంబరు ఉందంటే అనుమానించాల్సిందే. బ్లాకు పోత పోసిన తేదీ కూడా లోహంలోనే ఉంటుంది: అక్షరం నెలకు, అంకెలు రోజుకు, ఆఖరి అంకె సంవత్సరానికి. పోత తేదీ కారు తయారైన తేదీ కంటే తర్వాతిదైతే ఆ ఇంజిన్ ఆ కారుతో పుట్టలేదని వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఉక్కు మీద నంబరు పూర్తిగా అరగదీసినా అది పోయినట్టు కాదని తెలుసుకో. పంచ్ దెబ్బకు లోహం పైకి కనిపించే గుంట కంటే చాలా లోతు వరకు నలుగుతుంది. నేర పరిశోధకులు ఆ చోటును నునుపు చేసి ఆమ్లం పూస్తే, నలిగిన లోహం మిగతా లోహం కంటే వేరుగా తినబడి, చెరిపిన అంకెలు మసకగా పైకి తేలతాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. గుర్తింపు నంబరును చెరపడం, మార్చడం, తొలగించడం చాలా దేశాల్లో నేరం. అమెరికా ఫెడరల్ చట్టంలో దీనికి 5 సంవత్సరాల వరకు జైలు శిక్ష ఉంది. మరమ్మతు కోసం తప్పనిసరిగా తీయాల్సి వస్తే అదే చట్టం మినహాయింపు ఇస్తుంది. అంటే ఉద్దేశాన్ని చూస్తారు, నీ ఉద్దేశం చూపే ఆధారాలు నీ దగ్గర ఉండటం మంచిది. నీ ప్లేటు వెనక రేకు పుచ్చిపోయి తీయక తప్పకపోతే, ముందు రిజిస్ట్రేషన్ చేసే కార్యాలయానికి లిఖితపూర్వకంగా రాసి జవాబు వచ్చేదాకా ఆగు. తీసే ముందు, తీసేటప్పుడు, బిగించాక ఫోటోలు తీసిపెట్టు. ఊడిన రివెట్లను కూడా కవరులో వేసి తేదీ రాసి దాచు.

తీయాల్సిన అవసరం లేకపోతే ఉన్నచోటే ఉంచి శుభ్రం చేయడం తేలిక. గోరువెచ్చని నీళ్లు, తక్కువ గాఢత సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. థిన్నర్ తగలనివ్వకు, అచ్చు వేసిన నల్ల రంగు కరిగిపోతుంది. మెటల్ పాలిష్ అసలే వద్దు, లోతు తక్కువ ఉన్న అక్షరాలు దాంతో అరిగిపోతాయి. ఇసుకతో తుప్పు దులిపే మనిషికి కారు అప్పజెప్పే ముందు ప్లేటు మీద మందపాటి రబ్బరు ముక్క పెట్టి, పైన టేపు వేసి, నువ్వే దగ్గరుండి చూసుకో. పని తొందరలో ఉన్నవాడికి అది ఒక మురికి రేకుముక్క మాత్రమే. ఊడిన ఆ ఒక్క రివెట్టును అదే రకంతో మళ్లీ కొట్టించు. వెలిసిపోయిన రంగును అలాగే వదిలెయ్. చుట్టూ కొత్త రంగు మెరుస్తుంటే నడుమ పాత ప్లేటు ఎబ్బెట్టుగా ఉంటుందని నీ దిగులు. నా కంటికి ఆ కారులో అన్నిటికంటే అందమైనది అదే.

బాడీ మొత్తం మార్చాల్సి వస్తే ఎలా అని అడిగావు. ఎంజీబీకి 1988 నుంచి కొత్త బాడీ షెల్లులు తయారవుతున్నాయి కాబట్టి అది ఊహకే పరిమితమైన ప్రశ్న కాదు. విడి ఛాసిస్ (అడుగు చట్రం) లేని ఇలాంటి కారుకు బాడీయే ఛాసిస్. బ్రిటన్‌లో మార్పులు చేసిన వాహనం పాత గుర్తింపు నిలుపుకోవడానికి చాలా ఏళ్లు 8 పాయింట్ల లెక్క అనుసరించారు, అంటే అసలు భాగాలకు కనీసం 8 పాయింట్లు రావాలి. అందులో ఛాసిస్‌కు లేదా బాడీకి 5, సస్పెన్షన్‌కు 2, ఇరుసులకు 2, గేర్‌బాక్సుకు 2, స్టీరింగుకు 2, ఇంజిన్‌కు కేవలం 1. బజారులో అందరూ ఇంజిన్ నంబరు కోసం కొట్టుకుంటుంటే, ఆ లెక్కలో దాని విలువ అంతే. నేలా, పక్క రేకులూ కోసి అతికితే సరిపోయే నీ కారుకు మొత్తం షెల్లు మార్చొద్దని నా గట్టి సలహా.

1929, 1930 సంవత్సరాల్లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల కార్ల రేసు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ 'ఓల్డ్ నంబర్ వన్' కథ తెలుసుకుంటే నీకు ఇదంతా ఇంకా బోధపడుతుంది. తర్వాతి ఏళ్లలో దాని ఛాసిస్, ఇంజిన్, బాడీ మారుతూ వచ్చాయి. అది అసలు కారు కాదంటూ కొనుగోలుదారు వెనక్కి తగ్గితే 1990లో లండన్ హైకోర్టుకు వివాదం వెళ్లింది. భాగాలు మారినా దాని చరిత్ర ఎక్కడా తెగలేదని, ఆ పేరు మీద హక్కు చెప్పగల మరో కారు లేదని న్యాయమూర్తి తేల్చి, దాన్నే ఓల్డ్ నంబర్ వన్‌గా గుర్తించారు. దాన్ని నిలబెట్టింది ఏ మార్పు ఎప్పుడు జరిగిందో వరుసగా చూపగలగడం. అందుకే నిన్ను ఒక నోటు పుస్తకం పెట్టమంటున్నాను. ఏ రేకు కోశావు, ఏది అతికావు, ఏ భాగం పాతది, ఏది కొత్తది, ఇంజిన్ 18జీబీ అని నీ చేత్తో రాయి. కొత్త రేకుల లోపలివైపు, కంటికి కనబడని చోట, తేదీ గుద్దించు.

రంగు విషయం నీ ఇష్టానికే వదిలేస్తున్నాను. ఎరుపు వేసుకోవాలని నీకు ముచ్చటగా ఉంటే వేసుకో, దాన్ని మళ్లీ మార్చుకోవచ్చు. సర్టిఫికెట్‌లో వేరే రంగు ఉంటే మాత్రం డ్యాష్‌బోర్డు వెనక దొరికే పాత పొరను గీకకుండా కొంచెం మిగిల్చి, ఆ సంగతి పుస్తకంలో రాయి. తెప్పించిన కొత్త ప్లేటు ఉంటే నంబరు గుద్దించకుండా తిప్పి పంపెయ్. గేడన్ నుంచి కాగితం రాగానే నాకు నకలు పంపు.

ఆశీస్సులతో,
మామయ్య