మన ఎండల్లో స్పీసీస్ ఆర్కిడ్లు బతుకుతాయా?

ఒంగోలులో మేడ మీద స్పీసీస్ ఆర్కిడ్లు, అంటే హైబ్రిడ్లు కాకుండా ప్రకృతిలో సహజంగా ఉండే రకాలు పెంచాలని ఉందని, ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండూ మే నెలలోనే పోయాయని, మన వైపు ఇది కుదిరే పనేనా అని అడిగారు. కుదురుతుందండీ. మాది కావలి. పదేళ్లుగా పెంచుతున్నాను, ఇప్పుడు ఇరవై రెండు రకాలున్నాయి. మీరు ఎండ గురించి వివరంగా రాశారు గానీ ఏ నీళ్లు పోశారో రాయలేదు. నా అనుమానమంతా నీళ్ల మీదే.

2015 నవంబరు వానలకి మా పెద్దమ్మ వాళ్ల తోటలో పాత మామిడి చెట్టు కూలింది. దాని కొమ్మ మీద మందపాటి ఆకులతో ఒక మొక్క అతుక్కుని ఉంది. "అది బదనిక, చెట్టుకి పట్టిన చీడ, పారెయ్" అంది పెద్దమ్మ. నిజానికి అది బదనిక కాదు, వాండా టెస్సెలాటా. బదనిక చెట్టులోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఇది బెరడు మీద కూర్చుంటుందంతే, చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. చెట్ల మీద పెరిగే ఈ మొక్కల్ని సంస్కృతంలో వందాక అనేవారు, వాండా అన్న పేరు అక్కడిదే. కొమ్మ ముక్కతో సహా కోసి తెచ్చి వసారా బయట వేలాడదీశాను. ఏప్రిల్‌లో పూసింది. పసుపు కలిసిన గోధుమ రంగు రేకుల మీద గళ్లు గళ్లుగా గీతలు, మధ్యలో పెదవిలాంటి ఊదారంగు రేకు, రేకు వెనక్కి తిప్పి చూస్తే తెలుపు. దగ్గరికి వెళ్తే మంచి వాసన. ఆ పువ్వు చూశాకే నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

ఆ ఊపులో ఆన్‌లైన్‌లో కొన్న మొదటి మొక్క నీలి వాండా, వాండా సెరూలియా. అది ఖాసీ కొండల చల్లదనంలో పెరిగేది. రోహిణీ కార్తె దాటలేదు. దాని తర్వాత కొన్నవి వేడికి తట్టుకునే రకాలే, అయినా ఒక్కొక్కటే పోయాయి. వేరు కొసలు మామూలుగా లేత ఆకుపచ్చగా మెరుస్తుంటాయి, అవి నల్లబడి ఆగిపోయేవి. బకెట్ అంచున తెల్లగా కట్టే పొరే వేర్ల మీద కూడా కట్టింది. నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే టీడీఎస్ మీటర్ పెడితే మా బోరు నీళ్లు 1,150 చూపించాయి. ఆర్కిడ్లకి 200 లోపు ఉండాలి. వానకి తడిసే చోట వేలాడదీసిన మామిడి కొమ్మ మొక్క మాత్రం నిక్షేపంగా ఉంది.

ఇప్పుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన నీళ్లు డ్రమ్ముల్లో పడతాను, దోమలు చేరకుండా గుడ్డ కడతాను. వేసవిలో ఏసీ నుంచి కారే నీళ్లు. గాలిలోని తేమ చల్లబడి వచ్చే నీళ్లు కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, అవి బోరు నీళ్ల కన్నా ఉప్పన.

నీళ్లు ఎప్పుడు పోయాలో వేరుని చూస్తే తెలుస్తుంది. ఎండిన వేరు వెండి రంగులో ఉంటుంది. నీళ్లు చిలకరించండి, చూస్తుండగానే ఆకుపచ్చకి తిరుగుతుంది. పైన స్పాంజి లాంటి పొర ఉంటుంది, నీళ్లు పీల్చుకోగానే లోపలి పచ్చదనం కనిపిస్తుంది. వేరంతా పచ్చబడేదాకా తడపండి, మళ్లీ వెండి రంగు వచ్చేదాకా ఆగండి. నేను పొద్దున ఆరింటికి, మే నెలలో సాయంత్రం ఇంకోసారి తడుపుతాను. సాయంత్రం తడిపితే ఆకుల మధ్య మొవ్వులో నీళ్లు నిలవనివ్వకండి, కుళ్లిపోతుంది.

రకాల విషయానికొస్తే, వాండా టెస్సెలాటాతో మొదలుపెట్టండి. రెండోది నక్కతోకలా పూల గుత్తి వేలాడే రింకోస్టైలిస్ రెట్యూసా, అస్సాం రాష్ట్ర పుష్పం. మూడోది అరుదైనది కావాలంటే బ్రాసవోలా నోడోసా. మధ్య అమెరికా తీరాల్లో మడ చెట్ల మీద, రాళ్ల మీద పెరిగేది కాబట్టి మన ఉప్పు గాలి దానికి కొత్త కాదు. పగలు వాసనే ఉండదు, చీకటి పడ్డాక వసారా అంతా నింపేస్తుంది.

డెండ్రోబియం అఫిల్లమ్ తెచ్చుకుంటే ఒక జాగ్రత్త. అది నైరుతి వానలకి పెరిగి, చలికాలంలో ఆకులు రాల్చి, ఎండిపోయినట్టున్న కాడల మీద పూస్తుంది. ఆ విశ్రాంతి వేళకే మనకి ఈశాన్య వానలు దంచుతాయి. రెండేళ్లు వానలో వదిలేశాను, పూలకి బదులు కాడ నిండా పిలకలే వచ్చాయి. ఇప్పుడు నవంబరు రాగానే చూరు కిందకి మారుస్తాను. ఫిబ్రవరిలో అది మోడులా ఉంటే చచ్చిపోయిందని పారేయకండి.

షేడ్ నెట్ 50 శాతంది చాలు. 75 శాతంది కడితే ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడతాయి గానీ పూలు రావు. ఎరువు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీళ్లకి అర గ్రాము, వారానికోసారి.

వెలిగొండల్లోనో నల్లమలలోనో చెట్టు మీద నుంచి పీక్కొచ్చి ఇస్తామనే వాళ్ల దగ్గర దయచేసి కొనకండి. ఆర్కిడ్ విత్తనం దుమ్ము రేణువంత ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. అడవిలో తగిన శిలీంధ్రం దొరికితేనే మొలుస్తుంది, మొలిచినా పూయడానికి ఏళ్లు పడుతుంది. ల్యాబ్‌లో సీసాల్లో పెంచిన మొక్కలు దొరుకుతున్నాయి, అవే అడగండి.

మీ బోరు నీళ్ల టీడీఎస్ ఎంతో చూసి ఇక్కడ రాయండి. మేడ మీద మధ్యాహ్నం నీడ ఏ వైపు పడుతుందో కూడా చెప్పండి. ఆ రెండూ తెలిస్తే దేన్ని ఎక్కడ వేలాడదీయాలో చెప్తాను.